బండ్ల కుండ

పోయిన ఎండాకాలం ధర్మవరం దారిలో మా కారు ఆగిపోయినప్పుడు సాయం కోసం ఒక నంబరుకు ఫోన్ చేశాను. కారు కొన్ననాడు ఇచ్చిన నంబరు అది. దేశంలో ఎక్కడ బండి ఆగినా మనిషిని పంపుతామని కాగితం మీద రాసి ఇచ్చారు. ఎత్తిన అమ్మాయి తన పేరు చెప్పి, ముందుగా నేను క్షేమంగా ఉన్నానా అని అడిగింది. ఉన్నానన్నాను. ఎక్కడున్నారంది. పెనుకొండ దాటాక ఎత్తు ఎక్కి మలుపు తిరిగేచోట అన్నాను. అలా చెబితే కుదరదట, దగ్గరలో ఉన్న పెద్ద హోటలో, ఆసుపత్రో, పెట్రోలు బంకో చెప్పాలట. ఏమీ లేని చోటనే కదా తల్లీ బండ్లు ఆగేది అన్నాను. ఆ అమ్మాయి నన్ను కాసేపు ఆగమని చెప్పి సంగీతం పెట్టి పోయింది. ఆ సంగీతం వింటూ నడినెత్తి ఎండలో నిలబడి, ఆమె పేరును మనసులో ఒకటికి రెండుసార్లు చదువుకున్నాను. ఫిర్యాదు రాసేటప్పుడు పేరు తప్పు పోకూడదు.

ఫిర్యాదులు నాకు కొత్తకాదు. ఆ పూట మేము బయలుదేరిందే ఒక ఫిర్యాదు మీద. ధర్మవరంలో కొన్న పట్టుచీర ఒక్కసారి కట్టగానే అంచు రంగు ఒంటికి దిగింది. ఫోన్ చేస్తే, మీరు ఉతికినారేమో చూసుకోండమ్మా అన్నాడు అంగడాయన. పట్టుచీరను మొదటి కట్టుకే ఉతికే మనిషిని అనుకున్నాడు నన్ను. చీర సంచిలో పెట్టుకుని, హిందూపురం నుంచి తమ్ముడి కొడుకు రఘును వెంటబెట్టుకుని బయలుదేరాను. రఘు నలభై దాటినవాడు, నిదానస్తుడు. దారి పొడుగునా పోనీలే అత్తా అంటూనే ఉన్నాడు. పోనీలే అనే మాట మా ఇంట్లో అందరికీ వచ్చు, నాకు ఒక్కదానికే నోరు తిరగదు.

కారు ఎక్కడ ఆగినా ఆగి ఉండవచ్చు, ఆ ఎత్తు మీదనే ఆగింది. అందులో వింతేమీ లేదు. ఆ ఎత్తులో బండ్లు కాగడం నా చిన్ననాటి నుంచీ ఉన్నదే. అది నాకు తెలియడానికి కారణం, మా ఇల్లు ఆ మలుపులోనే ఉండేది. ఊరికి దూరంగా, చేనికి దగ్గరగా, దారి పక్కన ఒంటరి ఇల్లు. దారి వెడల్పు చేసినప్పుడు పోయింది. ఇప్పుడు మా వాకిలి ఉన్నచోట రోడ్డు అంచు తెల్లగీత ఉంది. నేను సరిగ్గా ఆ గీత మీద నిలబడి, నేనెక్కడ ఉన్నానో చెప్పలేక సంగీతం వింటున్నాను.

గీతకు అవతల రేకుల కింద ఒక టీ బంకు ఉంది. అందులోంచి ఒకామె కేకేసింది.

"ఎండలో నిలబడి ఎవరితో పోట్లాడతాండావు అక్కా? ఈ నీడకు రా. వాళ్లు వచ్చేది వచ్చినప్పుడు వస్తారు."

ఆమె పేరు ఓబులమ్మ అని తరువాత తెలిసింది. యాభై ఏళ్లు ఉంటాయి. ముక్కుకు రెండువైపులా పుడకలు, చేతిలో మసిబట్ట. నన్ను బల్ల మీద కూర్చోబెట్టి, రఘు కారు మూత ఎత్తడం చూసి, ముట్టుకోవద్దని గట్టిగా చెప్పింది. ఆవిరి తీరేదాకా దాని జోలికి పోకూడదట. తరువాత బంకు వెనక్కు పోయి నీలం రంగు ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఈడ్చుకొచ్చి కారు దగ్గర పెట్టింది. నిండా నీళ్లు. టీకి వాడే నీళ్లా అని అడిగాను.

"కాదక్కా. ఇది బండ్లకని వేరే పెట్టిండేది. ఈ ఎత్తులో పొద్దుకు ఒగటన్నా కాగుతాది."

నేను ఫోన్ పెట్టేశాను. ఆ డబ్బాను చూస్తూ ఉండిపోయాను.

మా వాకిట్లో కూడా ఒకటి ఉండేది. నల్లటి పెద్ద మట్టికుండ, నోటికి రేకు మూత, మూత మీద గుండ్రాయి. దాని పేరు బండ్ల కుండ. మా అవ్వ, అంటే నాయన తల్లి, పెట్టిన కుండ అది. ఎత్తు ఎక్కలేక కాగిపోయిన లారీలకు, బస్సులకు, ఎప్పుడో ఒకసారి వచ్చే కార్లకు అందులోని నీళ్లు. ఇంట్లో ఎవరూ అందులో చెయ్యి పెట్టకూడదు. దప్పికతో నాలుక పిడచకట్టినా లోపలికి పోయి తాగవలసిందే. అవ్వ కూడా తాగేది కాదు. బండి ఆగిన చప్పుడు వినగానే, చేస్తున్న పని వదిలి, తడిపిన గోనెసంచి తీసుకుని బయటికి పోయేది. కాగిన ఇంజను మీద ఆ గోనె పరిచినప్పుడు వచ్చే వాసన నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. తడి జనుము, డీజిలు, మాడిన రబ్బరు, దాని వెనక మా పొయ్యి మీద ఉడుకుతున్న రాగిసంగటి. ఇన్ని కలిసిన వాసన మళ్లీ ఎక్కడా తగల్లేదు. ఆవిరి తీరేలోపల డ్రైవరుకు, క్లీనరుకు వాకిట్లోనే సంగటి ముద్ద, ఊరిబిండి పచ్చడి పెట్టేది. పెట్టేటప్పుడు ఏ ఊరని అడిగేది కానీ ఏ కులమని అడగడం నేను వినలేదు. ఆ కాలానికి అది చిన్న సంగతి కాదు.

ఇవన్నీ చెప్పుకోవడానికి బాగుంటాయి. కానీ ఆ కుండలోకి నీళ్లు నడిచి రావు. మోసేది నేను. బావి చేని అవతల పల్లంలో ఉండేది, మెట్ల బావి. దిగడం సులభం, నిండుకడవ నడుముకెత్తుకుని ఎక్కడమే కష్టం. నాయన, అమ్మ తెల్లవారకముందే పనికి పోయేవాళ్లు. తమ్ముడు చంటివాడు. కాబట్టి ఇంటి నీళ్లన్నీ నా నడుము మీదనే వచ్చేవి. అవ్వ మొదటి కడవ బండ్ల కుండలో పోయించేది. తరువాతదే వంటకు. నేను మోసుకొచ్చిన నీళ్లను ముక్కూమొహం తెలియని లారీ గటగటా తాగుతుంటే చూడలేక, ఎందుకు పోయాలని ఒకసారి అవ్వతో తగువు పెట్టుకున్నాను. అవ్వ చేటలో చెనిక్కాయలు చెరుగుతూ తలెత్తకుండానే అంది.

"ఇల్లు దావ పక్కన కట్టుకుంటిమి. దావకు ఇయ్యాల్సింది ఇయ్యల్ల గదా."

అంతే. ఆ మాట నాకు అప్పుడు నచ్చలేదు. దారి మాకు ఏమిచ్చింది అని అడిగాను. దుమ్ము ఇచ్చిందిలే అని నాయన నవ్వాడు.

ఆ ఏడు వానలు ముఖం చాటేశాయి. బావి అడుగుకు పోయింది. ఊట ఊరేదాకా గట్టు మీద కూర్చుని, చెంబుతో తోడి కడవ నింపేదాన్ని. తలస్నానాలు ఆగిపోయాయి. నా తల జిడ్డుకట్టి, బడిలో వెనక కూర్చున్న పిల్ల ఒకతి జరిగి కూర్చునేది. ఆ పిల్ల పేరు, ఆమె జరిగిన తీరు నాకు గుర్తున్నాయి. ఎన్నో ఏళ్లకు ఒక పెళ్లిలో నన్ను పలకరిస్తే నేను కూడా జరిగి కూర్చున్నాను. సరే, నా తల చూసి అవ్వకే జాలివేసి, ఒక కడవ పక్కకు పెట్టుకో, రేపు తలకు పోస్తానంది. సీకాయ నానబెట్టింది. ఆ కడవను వాకిట్లో మూలకు పెట్టి, మీద నా పాత లంగా కప్పి, గంటకొకసారి చూసుకున్నాను.

ఆ సాయంత్రం ఒక నల్ల కారు ఎత్తు ఎక్కి, మా వాకిటి ముందు బుసకొట్టి ఆగింది. హిందూపురం వైపు నుంచి వచ్చిన వాళ్లు, పెళ్లిపట్టుకు ధర్మవరం పోతున్నారు. ముందు డ్రైవరు, వెనక ఇద్దరు మగవాళ్లు, ఒక పెద్దావిడ. ఆవిడ లావుగా, తెల్లగా, మెత్తటి గొంతుతో ఉండేది. దిగగానే మల్లెపూల వాసన మా వాకిలంతా పరచుకుంది. డ్రైవరు బండ్ల కుండ మొత్తం వంచినా కారుకు చాలలేదు. కరువులో కుండ కూడా సగమే ఉంది. అవ్వ నా వైపు చూసింది. నేను నా కడవకు అడ్డం నిలబడ్డాను. అవ్వ నన్ను భుజం పట్టి మెల్లగా పక్కకు జరిపి, లంగా తీసి మడతపెట్టి నా చేతికిచ్చి, కడవ ఎత్తి డ్రైవరుకు అందించింది.

నేను ఏడవలేదు. మూతి ముడుచుకుని కారు చక్రం వైపు చూస్తూ నిలబడ్డాను. పెద్దావిడ నా దగ్గరికి వచ్చి, నా జిడ్డుతలను ఏ మాత్రం అసహ్యపడకుండా నిమిరింది.

"మా బండి తాగింది నీ నీళ్లేనా బంగారూ? వచ్చేటప్పుడు నీకు పట్టు జాకెట్టు గుడ్డ తెస్తాను. ఏ రంగు కావాలి?"

"వంకాయ రంగు."

"వంకాయ రంగు. గుర్తుంటాది."

రంగు అడిగింది. అడగకుండా ఉంటే అది ఊరికే అన్న మాట అనుకునేదాన్ని. అడిగింది, నేను చెప్పాను, ఆమె మళ్లీ పలికింది. మూడు ముళ్లు వేసినట్టు నా మనసులో పడిపోయింది.

మరుసటి రోజు నుంచి బడి వదలగానే వాకిట్లో బండ్ల కుండ పక్కన కూర్చునేదాన్ని. ధర్మవరం వైపు నుంచి నల్లగా ఏది కనబడినా లేచేదాన్ని. ఒకసారి మేతకు పోయిన ఎనుము దుమ్ములో నడిచి వస్తుంటే కూడా లేచాను. నాయన పనినుంచి వస్తూనే, వంకాయ వచ్చిందా అమ్మణ్ణీ అని అడిగేవాడు. ఇంట్లో వంకాయ వండితే, ఇదిగో నీ జాకెట్టు అని తళెలో వేసేవాళ్లు. ఆ ఎగతాళి అక్కడితో ఆగలేదు. ఇప్పటికీ మా వాళ్ల పెళ్లిళ్లలో గుత్తివంకాయ వడ్డించేటప్పుడు ఎవరో ఒకరు నా వైపు చూసి నవ్వుతారు. ఎవరెవరు నవ్వారో నేను చూసుకుంటూనే ఉన్నాను. అవ్వ మాత్రం నవ్వేది కాదు. చీకటి పడేదాకా నేను లేవకపోతే, వచ్చి నా పక్కన కూర్చునేది. ఆమె కొంగులో ఎప్పుడూ వక్క వాసన, ఆకు వాసన.

"ఆయమ్మ రాకుంటే ఏమాయ? నీళ్లు పోసింది బండికి గదా. గుడ్డ కోసరం పోసినామా?"

"ఆమె చెప్పింది గదా అవ్వా."

"చెప్పింది. చెప్పినప్పుడు నీ మొగం ఎట్ల వెలిగింది. ఆ వెలుతురు నీదే గదా, మళ్లా ఎత్తుకపోలేదు గదా."

ఇలాంటి మాటలతో నన్ను సమాధానపరచడం ఎవరివల్లా కాదు. నేను కూర్చుంటూనే ఉన్నాను.

తరువాత బావి పూర్తిగా అడుగంటింది. గుడిబండలో అవ్వ తమ్ముడి ఇంట్లో బావికి ఇంకా నీళ్లున్నాయని, వానలు పడేదాకా అక్కడికి పోదామని నాయన నిర్ణయించాడు. నేను రానన్నాను. ఆమె వస్తే ఇంట్లో ఎవరూ ఉండరు కదా. మాకు ఇరుగుపొరుగు కూడా లేరు, ఎవరితో చెప్పిపోవాలి. పొయ్యిలోంచి బొగ్గు తెచ్చి, గుడిబండకు పోయినాము అని తలుపు మీద రాస్తానన్నాను. నాకు అప్పటికి అక్షరాలు బాగా వచ్చు. అవ్వ బొగ్గు లాక్కుంది. ఇంట్లో ఎవరూ లేరని దొంగలకు చదివి చెబుతావా అంది. తలుపుకు గొళ్లెం పెట్టి తాళం వేసింది. వేసిన తరువాత, బావి అడుగున మిగిలిన బురదనీళ్లను గుడ్డతో వడగట్టి బండ్ల కుండలో పోసి, మూత వేసి, మీద గుండ్రాయి పెట్టింది. ఇంటికి తాళం, కుండకు రాయి. మేము ఎద్దులబండిలో పోతుంటే ఆ కుండ వాకిట్లో ఒంటరిగా కూర్చుని ఉంది. అవ్వ వెనక్కి తిరిగి చూసింది కుండనే, ఇంటిని కాదు.

వానలు పడ్డాక తిరిగి వచ్చాము. కుండలో చుక్క లేదు. మూత మాత్రం ఎవరో పద్ధతిగా పెట్టి, మీద రాయి కూడా పెట్టిపోయారు. ఎవరో తాగినారు అని అవ్వ ఆ రోజంతా సంతోషంగా ఉంది. తలుపు గొళ్లేనికి పురికొస ముక్క ఒకటి ముడివేసి వేలాడుతోంది. ఎవరు కట్టినారో, మేకపిల్లనేమో అనుకుంటూ అవ్వ దాన్ని విప్పి, పారేయడం ఇష్టంలేక, దానితో కుండ మూతను కుండ మెడకు కట్టింది. అది చాలా కాలం అక్కడే ఉంది.

ఓబులమ్మ ఇచ్చిన టీ తాగుతూ ఇంత దూరం పోయి వచ్చాను. ఈలోపల ఆమె రోడ్డు మీదికి పోయి, చెయ్యి అడ్డంపెట్టి ఒక లారీని ఆపింది. ఆ డ్రైవరు దిగి, మా కారులో పగిలిన నీళ్ల గొట్టాన్ని చూసి, తన బండిలోని పాత సైకిలు ట్యూబు ముక్క చీల్చి చుట్టి బిగించాడు. నీలం డబ్బాలోని నీళ్లు పోశారు. మెల్లగా పోతే ధర్మవరం చేరుతుందని చెప్పి, పేరు కూడా చెప్పకుండా పోయాడు. ఫోన్‌లో అమ్మాయి మళ్లీ చేసి, పంపాల్సిన మనిషి ఇంకా అనంతపురంలోనే ఉన్నాడంది. ఈ కాలంలో కార్లు అంత తొందరగా కాగవు. అద్దాలు ఎత్తుకుని, చల్లగా, ఈ ఎత్తును ఎత్తు అని కూడా గమనించకుండా దాటిపోతారు. మంచిదే. కానీ ఆగినప్పుడు మాత్రం, ఎవరిని పిలవాలో తెలియక వాళ్లు ఫోన్‌ను చూసుకుంటారు, పక్కన నీడలో కూర్చున్న మనిషిని కాదు. ఆ పూట నేనూ అదే చేశాను కదా.

నేను లేస్తుంటే ఓబులమ్మ సంచిలోకి తొంగి చూసి, ఇంత మంచి చీర యాడికి ఎత్తుకపోతాండావని అడిగింది. దిగిన రంగు చూపించాను. ఆమె చెయ్యి మసిబట్టతో తుడుచుకుని, అంచును వేలికొసతో మాత్రం తాకి చూసింది. ఆమె చూసిన తీరుకు నా నోట్లోంచి ఒక మాట వచ్చింది.

"వచ్చేటప్పుడు నీకు పట్టు జాకెట్టు గుడ్డ తెస్తాను. ఏ రంగు కావాలి?"

అన్న తరువాత నాకే వినబడింది. ఇన్నేళ్లుగా, నల్ల కారు పెద్దావిడ ఆ మాట అబద్ధంగా ఎలా అనగలిగిందా అని ఆలోచించాను. అనడం ఎంత సులభమో, అనేటప్పుడు ఎంత నిజంగా ఉంటుందో ఆ పూట తెలిసింది.

"టీ గిన్నెలు తోమేదానికి నాకు పట్టెందుకక్కా," అని ఓబులమ్మ నవ్వింది. గ్లాసులు కడగడానికి అటు తిరిగి, కాసేపటికి మళ్లీ అంది. "ఆకుపచ్చయితే నాకు బాగుంటాదంటారు మా ఇంట్లో."

"ఆకుపచ్చ. గుర్తుంటుంది."

ధర్మవరంలో అంగడాయన ఆ రోజు లేడు, రేపు రమ్మన్నారు. చీర కోసం కాకపోయినా, రేపు అన్నందుకే ఆ రాత్రి అక్కడే ఉండిపోయాను. కారు గొట్టం కూడా మార్పించాము. మరునాటి తగువు వివరంగా చెప్పను, నేను గెలిచానని మాత్రం చెబుతాను. చీర మార్చి ఇచ్చాక, ఆకుపచ్చ జాకెట్టు గుడ్డ ఒకటి అడిగాను. లేత ఆకుపచ్చ కాదు, ముదురు ఆకుపచ్చ, వరి నాటు నిలదొక్కుకున్నాక ఉండే రంగు. అందుకోసం అంగడి పైఅరలన్నీ దింపించాను. దాన్ని పొట్లం కట్టి పురికొస చుట్టి ఇచ్చారు.

పెద్దరోడ్డు మీద పోతే తొందరగా ఇల్లు చేరుతామన్నాడు రఘు. వచ్చిన దారినే పోవాలన్నాను. మలుపు దగ్గరికి వచ్చేసరికి బంకు మూసి ఉంది. రేకు తలుపుకు తాళం. నీలం డబ్బా మాత్రం బయట ఉంది, మూత బిగించి, నిండుగా. రఘు చెయ్యెత్తితే, మోటారు సైకిలు మీద పోతున్న ఒకాయన బండి దిగకుండానే చెప్పి పోయాడు. ఓబులమ్మ రామగిరికి పోయిందట, వాళ్లమ్మకు బాగలేదట, ఎప్పుడొస్తుందో తెలియదట. ఆమె ఫోన్ నంబరు అడగాలని మాకు ఎవరికీ తోచలేదు.

పొట్లానికున్న పురికొస విప్పి, గుడ్డను ఒక చేతిసంచిలో పెట్టి, ఆ పురికొసతో సంచిని తలుపు గొళ్లేనికి కట్టడం మొదలుపెట్టాను. రఘు పక్కన నిలబడి చూస్తున్నాడు.

"ఎవరన్నా తెంపుకపోతే అత్తా? ఆయమ్మ నువ్వు రాలేదనే అనుకుంటాది."

నా చేతులు ముడి మీద ఆగిపోయాయి. గొళ్లేనికి పురికొస. తాళం వేసిన ఇల్లు. మూత పద్ధతిగా పెట్టి పోయిన మనిషి. అవ్వ మేకపిల్ల అనుకుంది. మా వాకిట్లో మేకను కట్టడానికి గుంజలు ఉండగా, తలుపు గొళ్లేనికి ఎవరు కడతారు? ఇన్నేళ్లూ ఆ పురికొస నాకు గుర్తుంది, నల్ల కారు పెద్దావిడ రాలేదన్నదీ గుర్తుంది. రెండూ ఒకే తలలో, ఒకదానికొకటి పరిచయం లేకుండా ఉండిపోయాయి. పురికొస ముక్కలు ఎన్నో రకాలుగా వస్తాయి, కాదనను. ఆమే కట్టిందని ఎవరూ చెప్పలేరు. కట్టలేదని కూడా నేను ఇక చెప్పలేను.

బంకు వెనక పొయ్యి బూడిదలో వెతికితే బొగ్గుముక్క ఒకటి దొరికింది. రేకు తలుపు మీద, సంచి పక్కన, పెద్ద అక్షరాలతో రాశాను. ఓబులమ్మా, వచ్చినాను. ఆకుపచ్చ తెచ్చినాను. దొంగలు చదువుకుంటే చదువుకోనీ. ముడి ఇంకోటి బిగించి, చేతి మసి చీరకు తుడుచుకుని కారెక్కాను. రఘు నా చీర వైపు చూసి, నా మొహం వైపు చూసి, బండి తీశాడు. వెనక్కి తిరిగి చూస్తే సంచి మెల్లగా ఊగుతోంది.

నల్ల కారు పెద్దావిడ ఇప్పుడు ఉండి ఉండదు. ఉంటే ఆమె పక్కన కూర్చుని రెండు మాటలు మాట్లాడేదాన్ని. కోపంతో కాదు. ఒక్క సంగతి మాత్రం అడిగేదాన్ని. మా పొయ్యి వాకిట్లోనే ఉండేది. ఆమె కూడా ఒక బొగ్గుముక్క వెతుక్కుని ఉండవచ్చు కదా.